ఉప్పుబండి పిల్ల ఇల్లు చేరిందా

క్లాసులో పిల్లలు చదువుకోవడానికి కొత్త పుస్తకాలు ఏవి బాగున్నాయో చెప్పమని టీచర్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఒకసారి అడిగినవాళ్లు రెండోసారి అడగరు. "అందులో నీతి ఉందా అండీ?" అంటారు వాళ్లు. "అందులో ఎవరైనా అన్నం తింటారా?" అంటాను నేను. పాపం పెద్దావిడ, ఎండన పడి వచ్చినట్టుంది అన్నట్టు చూస్తారు. ఆ ప్రశ్న నాది కాదు, మా అవ్వది. పిల్లల పుస్తకాలను మా అవ్వ ఉతికి ఆరేసినట్టు ఇంకెవరూ ఆరేయగా నేను చూడలేదు. ఆమెకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు.

మేము కోయంబత్తూరులో మిల్లు లైన్లలో ఉండేవాళ్లం. లైన్లంటే మిల్లువాళ్లు కూలివాళ్ల కోసం కట్టించిన వరస ఇళ్లు. ఒకింట్లో తుమ్మితే నాలుగో ఇంట్లో చిరంజీవ అనేవాళ్లు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, మిల్లు గేటు దగ్గర రెండూ కలిపిన తిట్లు. తెలుగు మాట్లాడటం అందరికీ వచ్చు, చదవడం ఒక్కరికీ రాదు. నేనైనా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే, పెళ్లయి పిల్లలు పుట్టాక మొండిపట్టు పట్టి అక్షరాలు దిద్దాను కాబట్టి.

బడి కూడా మిల్లువాళ్లదే, మిల్లు ఆవరణలోనే ఉండేది. బడికీ మిల్లుకీ ఒకటే గేటు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

మా హెడ్మాస్టరుకు పిల్లలంటే గిట్టదు. అందుకే కాబోలు పిల్లల పుస్తకాలన్నీ ఆయనే ఏరి తెప్పించేవాడు. అన్నిట్లోనూ ఒకడే కుర్రాడు. పొద్దున్నే లేస్తాడు, పెద్దలకు దండం పెడతాడు, దారిలో ఎవరిదో నగ దొరికితే పరిగెత్తుకెళ్లి ఇచ్చేస్తాడు, చేదు మందు ఇస్తే నవ్వుతూ తాగుతాడు. చివర్లో ఎవరో ఒక పెద్దమనిషి వాడి తల నిమిరి ఒక పేజీ నిండా ఉపదేశం చెబుతాడు. ఆ పుస్తకాలు నేను ఇంటికి తెచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, తమిళ అక్షరాలు చూస్తూ మా ఇంటి తెలుగులో అవ్వకు చెప్పేదాన్ని. పేజీలో తమిళం, నోట్లో తెలుగు. లైన్లలో చదువుకునే పిల్లలందరికీ ఈ విద్య వచ్చు. అక్షరం రాని పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉండేవాళ్లు మరి.

అవ్వ ఒడిలో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఆకూవక్కా నములుతూ వినేది. సగంలో చేట ఆపేది. నన్ను ముద్దుగా కన్ను అని పిలిచేది.

"ఏమే కన్ను, ఈ పిల్లోడు దొడ్డికన్నా పోతాడా పోడా? పొద్దు పుట్టినకాణ్ణుంచి నిజమే చెప్తా ఉండాడు. ఒక ముద్దన్నా తినలేదు. వీడ్ని ఎవురు కన్నింది?"

"వాడు మంచి పిల్లోడు అవ్వా."

"మంచోడైతే సరి, రేపు తిరిగిచ్చేయి. ఇంట్లో పెట్టుకుంటే మనకు పట్టుకునేట్టుండాది."

నేను ఏడో క్లాసుకు వచ్చిన ఏడు కొత్త టీచరు వచ్చింది. మాలాగే తెలుగు మాట్లాడే క్రైస్తవుల ఇంటి మనిషి. వాళ్ల నాన్న ఇంకో మిల్లులో ఫిట్టరు. వచ్చిన నెలలోనే ఆమె స్కూలు పెత్తనం చూసే కరస్పాండెంటుతో మాట్లాడి, క్లాసుకు కొత్త కథల పుస్తకాలు కొనడానికి ఒప్పించింది. ఒక శనివారం ఆర్.ఎస్. పురం పోయి, గుడ్డసంచీ భుజం ఒరిగిపోయేంత నింపుకుని వచ్చింది. హెడ్మాస్టరు ఆ సంచీని, ఇంట్లోకి పాము తెచ్చినట్టు చూశాడు.

ఆమె ఏ పుస్తకాన్నీ ఇది బాగుంది, చదవండి అని పొగడేది కాదు. మొదటి అధ్యాయం గొంతెత్తి చదివేది. గుహలోంచి ఏదో కదిలినప్పుడో, గొళ్లెం మీద ఎవరిదో చెయ్యి పడినప్పుడో టక్కున మూసి అలమరలో పెట్టేసి, "సరి, లెక్కల పుస్తకం తీయండి" అనేది. ఇది సిఫార్సు కాదు, దౌర్జన్యం. మధ్యాహ్నం గంట కొట్టగానే అలమర దగ్గర చొక్కాలు చిరిగేవి. పుస్తకం అంటే పారిపోయే మగపిల్లలు పుస్తకం కోసం తన్నుకోవడం నేను ఆ బళ్లోనే చూశాను.

అట్లా వచ్చిందే ఉప్పుబండి పిల్ల కథ. పదమూడేళ్ల పిల్ల, నా ఈడుదే. నాన్నతో మాటామాటా అనుకుని, తెల్లవారకముందే సముద్రం వైపు పోయే ఉప్పుబండిలో గోనెల మధ్య దూరి ఇల్లు విడిచిపోతుంది. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూస్తే వాకిట్లో దీపం వెలిగింది. లేచినది అమ్మా, నాన్నా? అక్కడ మూసేసింది టీచరు. ఆ పుస్తకం దక్కించుకోవడానికి నేను ఒకడి చెయ్యి కొరికాను. వాడు ఇప్పుడు తాతయ్యాడు, ఇంకా మచ్చ చూపిస్తాడు. చూపిస్తే చూపించనీ, నాకేం బాధ లేదు.

సాయంత్రం అవ్వకు మొదలుపెట్టాను. రెండో అధ్యాయంలో ఆ పిల్ల ఆకలికి తాళలేక ఎవరి చేలోనో వేరుశనగ పీకి, మన్నుతో సహా నమిలేస్తుంది. అవ్వ చేట పక్కన పెట్టింది.

"తిన్నింది," అంది. "ఇది మనిషి పిల్ల. చదువు."

రోజుకొక అధ్యాయం. ఆరో అధ్యాయానికి అవ్వ బియ్యం ఏరడం మానేసింది, మేము రాళ్లు తిన్నాం. అమ్మ సణిగింది. అవ్వ పట్టించుకోలేదు. ప్రతి రోజూ ముగించేటప్పుడు ఒకటే మాట: "అది ఇల్లు చేరుతాదా లేదా, అది చెప్పు."

ఎందుకో చెప్పాలి. అవ్వ పుట్టిన ఊరు కారమడై. ఆమెకూ ఆ ఈడులోనే నాన్నతో మాట పెరిగింది. మిల్లుకు పనికి పోతానంది. పోతే మళ్లీ ఈ గడప తొక్కవద్దన్నాడాయన. పత్తిబండి ఎక్కి వచ్చేసింది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. తల్లి పోయినప్పుడు కబురు కూడా ఆలస్యంగా తెలిసింది. ఏటేటా మాసి నెలలో రంగనాథుడి తేరుకు కారమడై మాత్రం పోయేది. నన్నూ తీసుకుపోయేది. దేవుణ్ణి చూసి, నాకు మరమరాల పొరి కొనిపెట్టి, బస్సు ఎక్కేసేది. బస్సుకు పోయే దారిలో పుట్టింటి వీధి మొగలో ఆగి ఒక్కసారి తొంగి చూసేది. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె చెల్లెలు ఉంటుందని నాకు అమ్మ చెప్పింది, అవ్వ చెప్పలేదు. అవ్వ తొంగి చూసి, "ఎండ," అని నడిచేది.

కథ పూర్తి కావడానికి గడువు కూడా ఉంది. అవ్వను మా నాయనా, చిన్నాయనా పంచుకున్నారు. కొన్ని నెలలు మా దగ్గర, కొన్ని నెలలు కినత్తుకడవులో చిన్నాయన కొబ్బరితోపు దగ్గర. ఆ ఆదివారం చిన్నాయన వచ్చి తీసుకుపోవాలి. అక్కడ పిల్లలంతా చిన్నవాళ్లు, చదివి చెప్పే దిక్కు లేదు. చిన్నాయనకు కాగితం కనిపిస్తే అందులో ఏదో ఒకటి పొట్లం కట్టాలనిపిస్తుంది.

సరిగ్గా ఆ వారమే హెడ్మాస్టరు మా క్లాసుకు వచ్చాడు. నా బల్ల మీద పుస్తకం కనిపించింది. అట్ట మీద బొమ్మ చూశాడు: బండి మీద పిల్ల, వెనకాల చిన్నగా ఇల్లు.

"ఇల్లు విడిచి పోయేది నేర్పిస్తా ఉండారా టీచర్?" అన్నాడు. ఆయనదీ మా తెలుగే, కాకపోతే బళ్లో దాన్ని ఇస్త్రీ చేసి వాడేవాడు.

"సార్, ఈ క్లాసులో ఉండే పిల్లోళ్ల తాతలందరూ ఇల్లు విడిచి వచ్చినోళ్లే కదా," అంది టీచరు. "వాళ్లు రాకపోతే మిల్లూ లేదు, బడీ లేదు, మనమూ లేము."

జవాబు లేని పెద్దమనుషులు చేసే పనే చేశాడు, పుస్తకం తీసుకుని పోయాడు. ఇంకా మూడు అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. టీచరు ఆయన గది దాకా పోయి అడిగింది. కరస్పాండెంటు దగ్గరికి పోతే ఉద్యోగం సంగతి చూసుకోవాల్సి వస్తుందని చెప్పి పంపించాడట.

ఇంటికొచ్చి చెప్పాను. అవ్వ నాయన వైపు చూసింది.

"నువ్వు పోయి అడుగు."

"ఒక పిల్లోళ్ల పుస్తకానికి నేను పోయి ఆయన ముందర నిలబడాలనా? పర్మనెంటు అయ్యి ఇంకా ఏడాది కాలేదమ్మా."

అవ్వ అమ్మ వైపు తిరిగింది. "వీనికి మీసం యాల వచ్చిందో నాకు తెలీలేదు," అంది. మా నాయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం అవ్వ ఆకువక్క సంచీ బొడ్లో దోపుకుని, నెత్తిన తడిగుడ్డ వేసుకుని బయలుదేరింది. బడి గేటుకు పోయి కూర్చుంది. బడి గేటంటే మిల్లు గేటే కదా. కూర్చున్న చోటు కూడా ఎక్కడో కాదు, వెనకటి పెద్ద సమ్మెలో ఆమె మిగతా ఆడవాళ్లతో కలిసి బైఠాయించిన చోటే. ఆ సమ్మె సంగతి లైన్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. గేటు తెరిపించడానికి వచ్చిన లారీ ముందు నుంచి అవ్వ లేవలేదనీ, డ్రైవరే దిగిపోయాడనీ చెప్పుకునేవాళ్లు.

వాచ్‌మన్ కొత్తవాడు, తమిళుడు. "ఏనుంగమ్మా, ఇక్కడ ఎందుకు కూర్చున్నారు?" అని అడిగాడు. "నాకు కావాల్సింది వచ్చేదాకా," అంది అవ్వ. అంతకు మించి చెప్పలేదు.

రెండో షిఫ్టువాళ్లు రావడం మొదలైంది. టిఫిన్ క్యారియర్లు ఊపుకుంటూ వచ్చిన మొదటి నలుగురు అవ్వను చూసి ఆగిపోయారు. గేటు ముందు మనిషి కూర్చుంటే దాటిపోకూడదు. మా లైన్లలో కన్నతల్లిని కొట్టినవాడినైనా కొన్నాళ్లకు మాట్లాడించేవాళ్లు గానీ, కూర్చున్నవాళ్లను దాటి లోపలికి పోయినవాడికి పిల్లనిచ్చేవాళ్లు కాదు. ఎందుకు కూర్చున్నావని కూడా ముందు అడగరు. ముందు ఆగాలి, తర్వాత తెలుసుకోవాలి. ఆ నలుగురి వెనక పదిమంది ఆగారు. వాళ్ల వెనక ఇంకా మంది. ఎవరో బోనసు అన్నారు. ఎవరో కాదు, నూలు చుట్టే రీలింగులో ఒక ఆడమనిషిని నిలిపేశారట అన్నారు. అవ్వ పక్కన ఇద్దరు ముసలమ్మలు కూడా సంగతి అడక్కుండానే కొంగు పరచుకుని కూర్చున్నారు. మా నాయనదీ ఆ షిఫ్టే. గుంపులోకి వచ్చి చూశాడు, తల్లి కనిపించింది, క్యారియరు గట్టిగా పట్టుకుని ఒక లావుపాటి మనిషి వెనక నిలబడ్డాడు.

మేము క్లాసులో ఉన్నాం. సంగు ఊదింది. మిల్లు సైరన్‌ను మేము సంగు అనేవాళ్లం. అది ఊదితే గేటు దగ్గర వందల చెప్పుల చప్పుడు రావాలి, రాలేదు. టీచరు చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కాసేపటికి ప్యూను పరిగెత్తుకుంటూ వచ్చి, "టీచర్, ఈ పాప అవ్వ గేటు కాడ కూర్చోనుండాది. షిఫ్టు నిలిచిపోయింది," అన్నాడు.

టీచరు నా చెయ్యి పట్టుకుని నడిపించింది.

మేము పోయేసరికి మేనేజరు వచ్చి ఉన్నాడు. పెద్ద కుటుంబం మనిషి, ఆయన ఇంట్లోనూ తెలుగే. చేతులు వెనక్కి కట్టుకుని అవ్వ ముందు వంగి మాట్లాడుతున్నాడు.

"ఏమమ్మా, మీ డిమాండు ఏంది? యూనియనోళ్లకే తెలీదంటా ఉండారు."

"ఆ పిల్ల ఇల్లు చేరిందా లేదా? నాకు అది తెలియాల."

ఆయన మొహం పాలిపోయింది. "ఏ పిల్ల? ఏ డిపార్టుమెంటు? ఎప్పటినుంచి కనపడలేదు?"

"డిపార్టుమెంటు లేదు. ఉప్పుబండిలో పోయింది. తొమ్మిదో అధ్యాయం దాకా నాకు తెలుసు. మిగిలింది ఆ హెడ్మాస్టరు పెరికి పెట్టుకోనుండాడు."

ఎవరో నవ్వారు. వెనక్కి వెనక్కి ఆ సంగతి పాకింది. పిల్లల పుస్తకం కోసమట. చావు కబురు వినడానికి వచ్చినట్టు నిలబడ్డ మనుషులు క్యారియర్లు కింద పెట్టి నవ్వారు. కానీ ఒక్కడూ లోపలికి పోలేదు. కారణం తెలిసింది, సరే, మనిషి ఇంకా కూర్చునే ఉంది కదా. మేనేజరుకు అది అర్థమైంది. ఆయన ఆ మిల్లులో పండినవాడే. హెడ్మాస్టరును పిలిపించాడు.

హెడ్మాస్టరు పుస్తకం తన గదిలో లేదన్నాడు. ఎక్కడుందన్నారు. ఇంట్లో ఉందన్నాడు. ప్యూను సైకిలు మీద పోయి తెచ్చాడు. పదో అధ్యాయం దగ్గర ఒక ఎండుమిరపకాయ తొడిమె గుర్తుగా పెట్టి ఉంది, అది నేను పెట్టింది కాదు. హెడ్మాస్టరు భార్య ఎట్లాంటి మనిషో నాకు తెలియదు గానీ, ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు గౌరవం.

"ఇందమ్మా, పుస్తకం. ఇంటికి పోయి చదివించుకో," అన్నాడు మేనేజరు.

"నేను లేస్తే మళ్లీ పెరుక్కుంటాడు. ఈడనే చదవనీ."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. గుంపును చూశాడు. వాచ్‌మన్ స్టూలు లాక్కుని కూర్చుని, "చదువు పాపా, బిరబిర చదువు," అన్నాడు.

చదివాను. టీచరు నా పక్కన నిలబడి గొడుగు పట్టింది. ఇంట్లో మాదిరే, పేజీలో తమిళం, నోట్లో తెలుగు. మొదట మెల్లగా చదివాను. వెనకనుంచి "వినపడలేదే పాప" అని అరిచారు. మొదటి షిఫ్టువాళ్లు లోపలి వైపు గేటు ఊచలు పట్టుకుని వింటున్నారు. నెత్తిమీద దూది అంటుకుని అందరూ ఒక్కసారే ముసలివాళ్లయినట్టున్నారు. ఆ పిల్ల ఉప్పు మడుల్లో పని చేసింది, కాళ్లు పగిలాయి, తుఫాను వచ్చింది, తోటి పిల్ల జ్వరంతో పడితే వీపున మోసింది. ఎవరో "అయ్యో పావం" అన్నారు. ఆఖరి అధ్యాయంలో తిరుగు బండి ఎక్కింది. మూడు పేజీలు మిగిలాయి. వీధిలోకి వచ్చింది. వాకిట్లో నిలబడింది. తలుపు తట్టింది.

అవ్వ నమలడం ఆపింది.

నేను పేజీ తిప్పాను. అమ్మ తలుపు తీసింది. తీసి ఉపదేశం మొదలుపెట్టింది. పెద్దల మాట వినని పిల్లల గతి ఏమిటి, గడప దాటిన ఆడపిల్లను లోకం ఏమంటుంది, ఇన్నాళ్లూ మా తల ఎక్కడ పెట్టుకున్నాం అని ఒకటిన్నర పేజీ. తర్వాత పిల్ల కాళ్ల మీద పడి తప్పు ఒప్పుకుంటుంది. అదీ ముగింపు. ఇంత మంచి కథ రాసినవాళ్లకు చివర్లో ఏ హెడ్మాస్టరు పూనాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒళ్లు మండిపోయింది. తల ఎత్తి అవ్వను చూశాను. తడిగుడ్డ ఎండిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కారమడైలో ఆ వీధి మొగలో నిలబడినప్పుడు ఆమె మొహం అట్లాగే ఉండేది.

పేజీ మీదే చూపు పెట్టి చెప్పాను. "అమ్మ తలుపు తీసింది. చూసింది. 'బువ్వ తింటివా కన్ను?' అన్నింది. లోపలికి పిలిచింది. అంతే. కథ అయిపోయింది."

టీచరు గొడుగు కదిలింది. ఆమె నా భుజం మీదుగా పేజీ చూస్తూనే ఉంది. అందులో బువ్వా లేదు, కన్నూ లేదని ఆమెకు తెలుసు. ఆమె చెయ్యి కిందికి వచ్చి మెల్లగా పుస్తకం మూసింది.

అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సరి, పోండి పోండి. పని లేదా మీకు?" అని గుంపును కసిరి, మా నాయన భుజం పట్టుకుని లేచింది. షిఫ్టు లోపలికి పోయింది. మేనేజరు పోతూ పోతూ హెడ్మాస్టరుతో, "ఇంక ఆ టీచరు తెచ్చే పుస్తకాల జోలికి పోకండి. నాకు మిల్లు నడవాల," అన్నాడు. టీచరు ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆమె ఆర్.ఎస్. పురం సంచీ ఆ తర్వాత ఇంకా బరువెక్కింది.

ఆదివారం చిన్నాయన వచ్చాడు. అవ్వ గుడ్డల మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. "కినత్తుకడవుకు తర్వాత పోదాము. ముందు కారమడై బస్సు ఎక్కించు," అంది. చిన్నాయన మా నాయన వైపు చూశాడు. మా నాయన ఆ మధ్య అవ్వ మాటకు ఎదురు చెప్పే స్థితిలో లేడు.

మళ్లీ ఆమె మా ఇంటికి వచ్చింది వానలు వెలిశాకే. ఆ సాయంత్రం నేను కొత్త పుస్తకంతో పొయ్యి దగ్గర కూర్చున్నాను. కారమడైలో ఏమైందని అడగాలని ఉంది, ధైర్యం లేదు. చేట ముందేసుకుని అవ్వే ఎత్తింది.

"ఆ ఉప్పుబండి కథలో కడాన తల్లి తిట్టలేదూ?"

"లేదవ్వా."

"అబద్ధం. తిట్టే ఉంటాది. నా చెల్లెలు తలుపు తీసి, వాకిట్లో నిలబెట్టి, ఇన్నేండ్లదీ లెక్క తీర్చింది. అమ్మ కడాన నా పేరే పలికిందంట, అదీ చెప్పి తిట్టింది. వీధంతా వచ్చి చూసినారు. ఆమె తిట్టి అలిసినాకనే బువ్వ పెట్టింది." కొన్ని బియ్యం అరచేతిలోకి తీసుకుని వెలుగుకేసి చూసింది. "నువ్వు తిట్లు మింగేసినావు. ఇంక ఎప్పుడూ అట్ల చేయవాకు. తిట్లు ఉండాయని తెలిసినా నేను పోయుంటాను."

ఆమె రాయి ఒకటి ఏరి పక్కకు విసిరింది.

"సరి, ఇది ఏం పుస్తకం? దీంట్లో ఎవురన్నా తింటారా?"